తంబాకు పొడి, దుబాయి పరీక్ష

బుధవారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా అల్లుడి ముక్కు పగిలింది. అప్పటికి ఎవరూ కొట్టలేదు. కొట్లాట తర్వాత మొదలైంది. టైము ఎట్లా గుర్తుందంటారా, ఆ రోజు మా ఇంట్లో అందరి కళ్లూ గోడ గడియారం మీదే ఉన్నాయి.

రెండో కరోనా తగ్గి దుబాయికి విమానాలు మళ్లీ మొదలైన వానాకాలం అది. మా అల్లుడు అక్కడ సెంట్రింగ్ పని చేసేవాడు. మొదటి కరోనా అయ్యాక సెలవు మీద బోధన్‌కు వచ్చి, విమానాలు బందై ఇక్కడే చిక్కుకుపోయాడు. ఎట్టకేలకు కంపెనీ శుక్రవారం తెల్లవారుజాము విమానానికి టికెట్టు పంపింది. ఫోన్ చేసినవాడు ఒకటే మాట అన్నాడు. ఈ విమానానికి రాకపోతే వీసా రద్దు, నీ మంచం ఇంకొకడికి.

విమానం ఎక్కాలంటే పరీక్ష కావాలి. ముక్కులో పుల్ల పెట్టించుకొని, కరోనా లేదన్న కాగితం పట్టుకుపోవాలి. పుల్ల పెట్టిన గంట నుంచి విమానం లేచే గంట దాకా నలభై ఎనిమిది గంటలు దాటకూడదు. ఒకరోజు ముందు ఇస్తే చెల్లదు. ఒకరోజు ఆగితే కాగితం చేతికి రాదు. టికెట్టు ఏజెంటు ఈ సంగతులన్నీ ఫోన్లో తెలుగులో పంపాడు, ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది నేనే. అక్షరాలు నాకు యాభై దాటాక, మనవరాలి పలక మీద వచ్చాయి. అందుకని కనిపించిందల్లా పైకి చదవడం నాకు అలవాటు. నిజామాబాద్ ల్యాబులో బుధవారం పొద్దున ఇవ్వాలి, పది గంటలకు అక్కణ్ణుంచి ఆ పుల్లలు మోసుకొని వ్యాను హైదరాబాద్ పోతుంది, ఆ వ్యాను తప్పితే విమానం తప్పినట్టే అని రెండుసార్లు చదివాను.

మా గల్లీలోనే ఒకాయనకు జ్వరం లేదు, దగ్గు లేదు, ఎద్దులా ఉన్నాడు. పరీక్షలో మాత్రం ఉందని వచ్చింది. అతని మస్కట్ అంతటితో సరి. అది చూసినప్పటి నుంచి మా వియ్యపురాలికి, అంటే అల్లుడి తల్లికి, నిద్ర లేదు. కొడుకు ముక్కులో ఏముందోనని ఆమె బెంగ.

మాది బీడీల ఇల్లు. వియ్యపురాలిదీ అంతే. తంబాకు జల్లెడ పట్టేటప్పుడు కింద పడే మెత్తటి పొడి ముక్కుకు తగిలితే తుమ్ములు ఆగవు. కళ్లూ ముక్కూ కారిపోయి తల తేలికవుతుంది. జలుబు చేస్తే మా వాళ్లు మందుల దుకాణానికి పోరు, జల్లెడ దగ్గరికి పోతారు. కరోనా ముక్కులో కూర్చుంటుందని టీవీలో చెప్పారు కదా. ముక్కులో కూర్చున్నది తుమ్మితే పోదా? వియ్యపురాలి లెక్క ఇది. నాకూ సరిగ్గానే తోచింది.

ఆమె పొడిని గుడ్డలో మళ్లీ వడగట్టి, శొంఠి కలిపి, చాటలో పోసి కొడుకు ముందు పెట్టింది.

"ఒక్క చిటికెడు పీల్వు కొడుకా. లోపట ఏమున్నా ఎగిరి బయట వడ్తది."

"చిటికెడే, అల్లుడా. ఎక్కువ తీస్కోకు," అని నేనూ అన్నాను.

అల్లుడు చాటను దగ్గరికి లాక్కున్నాడు. గుప్పిట నిండా తీశాడు. మేం వద్దనేలోపు అరచేతిలో ముఖం పెట్టి, బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగి పీల్చాడు.

మొదటి తుమ్ముకు చాట ఎగిరిపోయింది. తర్వాతి తుమ్ములు మనిషివి కావు. ప్రతి తుమ్ముకూ తల మోకాళ్లకు కొట్టుకుంటోంది. శొంఠి కళ్లలో పడి గుడ్డివాడిలా చేతులు విసిరాడు, దీపం గూటికి మణికట్టు తగిలి చర్మం లేచిపోయింది. ఆ తర్వాత ముక్కులోంచి నెత్తురు వచ్చింది. కారడం కాదు, తుమ్ముతో పాటు చిమ్మింది. నా బిడ్డ కత్తిరించి పెట్టుకున్న తునికాకు కట్టల మీద, గోడ మీద, నా చీర మీద.

అప్పుడే నా కొడుకు ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. వాడు ఆటో తోలుతాడు. లోపలికి తొంగిచూసి అన్నాడు.

"ఏందిది? మ్యాకను కోసిన్రా?"

అల్లుడి ముక్కుకు తువ్వాల అదిమి ఆటోలో ఎక్కించాం. ఒక పక్క నేను, ఒక పక్క వియ్యపురాలు. నా బిడ్డ ముందు, అన్న పక్కన ఇరుక్కొని కూర్చుంది. విమానాశ్రయానికి కట్టిన సంచి ఒళ్లో పెట్టుకుంది. ఆ సంచి తెచ్చే పని ఆ రోజు లేదు, అయినా తెచ్చింది.

ఎడపల్లి దాటేదాకా రోడ్డు వానకు తెగిపోయి ఉంది. గుంత వచ్చిన ప్రతిసారీ ఆటో ఎగిరేది, ఆటో ఎగిరితే నెత్తురు మళ్లీ మొదలయ్యేది.

"తల పైకెత్తు," అంది వియ్యపురాలు.

"పైకెత్తితే గొంతుల్కి పోతది, కిందికి దించు," అన్నాను నేను.

"నా కొడుకు ముక్కు నాకెర్కలేదా?"

"ఎర్కుంటే గిట్లెందుకు జేస్తివి వదినె? నీ జల్లెడ మీద మన్నుబొయ్య!"

"గది నీ బిడ్డ తెచ్చిన తంబాకే. గంత గాటు తంబాకు ఎవలన్న తెస్తరా?"

ఆమె నా ముంజేతి మీద గిల్లింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని మెలేశాను. మధ్యలో అల్లుడు ఇద్దరి మోచేతులూ తింటూ కూర్చున్నాడు. ముందు నుంచి నా కొడుకు అరిచాడు.

"మీ ఇద్దర్ని ఈడ్నే దింపి పోత! నోర్లు మూయున్రి. టైమెంతయిందో సూడున్రి!"

రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. నా కొడుకు హ్యాండిలు మీద గుద్దుతూ గేటు వాణ్ణి, రైలును, దుబాయిని, కరోనాను వరసగా తిట్టాడు. బావను మాత్రం ఇంకా తిట్టలేదు. బావ అంటే వాడికి గౌరవం. చెల్లెలి పెళ్లయిన కొత్తలో వాడికి దుబాయి గడియారం తెచ్చిచ్చింది బావే.

ల్యాబు బస్టాండు వెనక గల్లీలో ఉంది. అప్పటికే వరస గల్లీ మలుపు దాకా పోయింది. బాల్కొండ వాళ్లు, ధర్పల్లి వాళ్లు, అందరూ గల్ఫు పోయేవాళ్లే. ముఖాలకు మాస్కులు, చేతుల్లో పాస్‌పోర్టులు. మా ముందు మస్కట్ పోయే ఒక ముసలాయన నిలబడ్డాడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా. నలభై ఏళ్లుగా అక్కడ బట్టలు కుడుతున్నాడట. మా అల్లుడి తువ్వాల చూసి ఆయన పక్కకు జరిగాడు.

"మీరు ముందుకు పోండి అమ్మా. ఖూన్ పోతుంది పిలగానికి."

లోపల నీలం బట్టలు తొడుక్కున్నాయన అల్లుణ్ణి కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కులో పుల్ల పెట్టాడు. పెట్టగానే అల్లుడు మళ్లీ తుమ్మాడు. ఆయన కళ్లద్దాల మీద ఎర్రగా పడింది. ఆయన లేచి రెండడుగులు వెనక్కి దూకాడు.

"ఏం జేసిన్రు దీనికి? కారం గూరిన్రా?"

వియ్యపురాలు తంబాకు సంగతి చెప్పింది. ఆయన పుల్లను డబ్బాలో పారేసి, కళ్లద్దాలు కడుక్కుంటూ తిట్టాడు.

"నెత్తురు నిండిన పుల్ల పంపితే ఆడ పనికిరాదని వాపస్ జేస్తరు. గిప్పుడు ముక్కుతోని కాదు. గొంతుల్కెళ్లి తీస్త. బయట నల్ల ఉన్నది, నోరు మంచిగ పుక్కిలించుకొని రమ్మనున్రి. జల్ది. పదింటికి బండి ఆగదు."

ఒక దారి దొరికింది. మాకు ప్రాణం లేచొచ్చింది. అల్లుణ్ణి ఆ నీళ్ల నల్ల దగ్గరికి తీసుకుపోయాం. అతను పుక్కిలించి ఉమ్ముతుంటే మోరీలో నీళ్లు ఎర్రగా పోతున్నాయి. నా కొడుకు పక్కన నిలబడి చూశాడు.

"అవ్వా, చిటికెడు పీలిస్తే గింత నెత్తురొస్తదా? నువ్వు దినాం పీలుస్తవ్, నీకు రాదేంది?"

నేను జవాబు చెప్పే లోపే వియ్యపురాలు తన తప్పు కాదని చెప్పుకోవాలని నోరు జారింది.

"చిటికెడేడిది! గుప్పెడు పీల్సిండు. నేను వద్దంటనే ఉన్న."

నా కొడుకు బావ వైపు తిరిగాడు.

"కావాల్ననే చేసినవా?"

అల్లుడు నీళ్లు ఉమ్మాడు. తల ఎత్తలేదు.

"నిన్నే అడిగేది బావా. కావాల్నని చేసినవా?"

అల్లుడు నల్ల కట్టేశాడు. అదే జవాబు.

నా కొడుకు పిడికిలి అతని మూతి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అల్లుడు నల్ల గొట్టం మీద పడి, గొట్టం వంగి, నీళ్లు పైకి చిమ్మాయి. నా కొడుకు ఆగలేదు. జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు.

"నిన్ను పంపనీకి నేను ఎన్ని దిక్కుల తిరిగిన! ఏజెంటు కాళ్లు వట్టిన! నా చెల్లె ఏలు కోసుకొని నెత్తురు కారంగ బీడీలు జేస్తుంటే, నువ్వు ముక్కులకెళ్లి కారవెడ్తవా!"

వియ్యపురాలు చెప్పు తీసింది. నా కొడుకు వీపు మీద, మెడ మీద, చెవి మీద ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. వాడు చూడకుండానే మోచేతితో నెట్టాడు. ఆమె మోరీలో కూలబడింది. తల్లి పడ్డది చూసిన అల్లుడికి ఎక్కడ లేని బలం వచ్చింది. బామ్మర్ది కాలరు పట్టి గల్లీలోకి ఈడ్చి, ఆటో ఇనుప రాడ్డుకు తల వేసి కొట్టాడు. నా కొడుకు నుదురు చీలింది. ఇద్దరూ బురదలో పడి, ఒకరి గొంతు ఒకరు పట్టుకొని, పొట్టేళ్ల లాగా బుసలు కొడుతూ దొర్లారు. ఎవరి నెత్తురు ఎవరి చొక్కా మీద ఉందో తెలియలేదు.

వరసలో ఉన్నవాళ్లు ఒక్కరూ ముందుకు రాలేదు. అందరూ గోడకు అతుక్కున్నారు. దెబ్బలకు భయపడి కాదు. మాస్కులు ఊడిపోయిన ఇద్దరు మనుషులు రొప్పుతూ ఉమ్ముతుంటే, ఆ గాలి తగిలితే తమ కాగితం ఎట్లా వస్తుందోనని. ల్యాబు గేటు దగ్గర కాపలా మనిషి కట్టె నేలకు కొడుతూ కేకలు పెట్టాడు.

"కొట్టుకుంటే కొట్టుకోండ్రి గని మాస్కులు వెట్టుకొని కొట్టుకోండ్రి! పరీక్షకొచ్చినోళ్లున్నరు ఈడ!"

ఎవరో నవ్వారు కూడా. ముందుకు వచ్చింది మస్కట్ పోయే ముసలాయన ఒక్కడే. ఇస్త్రీ చొక్కాతోనే బురదలో మోకాళ్లూని, నా కొడుకు వేళ్లను అల్లుడి గొంతు మీది నుంచి ఒక్కొక్కటే విప్పాడు.

"ఛోడ్ దో బేటా. సచ్చిపోతడు. సచ్చినోనికి దుబాయేంది, బోధనేంది?"

నా కొడుకు వదిలి పక్కకు కూలబడ్డాడు. అల్లుడు గోడకు చేరగిలబడి దగ్గాడు. ఒళ్లో ఏదో ఉమ్మాడు. చూస్తే పన్ను. చప్పుళ్లు విని నీలం బట్టల మనిషి బయటికి వచ్చాడు. అల్లుడి నోరు చూసి తల పట్టుకున్నాడు.

"ముక్కుల నెత్తురు, నోట్ల నెత్తురు. ఇగ పుల్ల ఏడ వెట్టాలె నేను, చెవులనా?"

అయినా ఆయన మంచివాడే. లోపలికి పోయి, మందులు పెట్టే పెట్టెలోంచి మంచుగడ్డ తెచ్చి అల్లుడి ముక్కు మీద గట్టిగా అదిమాడు. అట్లా అదిమి పట్టుకునే ఉన్నాడు. కాసేపటికి చెయ్యి తీసి చూశాడు. ముక్కు ఆగింది.

"ఆగింది. ఎడమ దిక్కు మంచిగనే ఉన్నది, అటుకెళ్లి తీస్త. ఇంకో పావుగంటల బండొస్తది. లే."

అల్లుడు లేవలేదు.

అప్పుడు నా బిడ్డ ఆటోలోంచి దిగింది. అంతసేపూ ఆ సంచి పట్టుకునే కూర్చుంది. అన్న నుదురు చూడలేదు, మోరీలో ఉన్న అత్తను లేపలేదు. తిన్నగా పోయి మొగుడి ముందు నిలబడింది.

"గిన్ని దెబ్బలెందుకు తిన్నవు? పోనంటే నోటితోని పోనని చెప్పు. ముక్కుతోని చెప్తే మాకెట్ల ఎర్కైతది?"

అల్లుడు ఆమె కాళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు. పెదవి వాచి మాట ముద్దగా వచ్చింది. వరస మొత్తం వింటోంది, అతనికి పట్టలేదు.

"మొదటి కరోనల మా రూముకు బయటికెళ్లి తాళమేసిన్రు. నా మీది మంచం మీద జగిత్యాల దిక్కు పిలగాడు ఉండె. దగ్గీ దగ్గీ ఒకనాడు ఊకున్నడు. నిద్రవోయిండనుకున్న. చెయ్యి కిందికి ఏలాడింది, నా మొకం మీదికి. సల్లగ. తలుపు కొట్టినం. మంచం కోళ్లు విరగ్గొట్టి వాటితోని కొట్టినం. ఎవడు తీయలే. నీళ్లైపోతే మాలో మేమే కొట్టుకున్నం, ఒకడు ఇంకొకని చెవి కొరికిండు. తెల్లారి తాళం తీసి పిలగాన్ని తీస్కపోయిన్రు. మళ్ల ఏసిన్రు. గిప్పుడు ఫోన్ జేసి నీ మంచం నీ మంచం అంటుండు. గదే రూము. గదే మంచం."

వియ్యపురాలు మోరీ గట్టు మీద కూర్చొని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్ని నెలలు ఆ మనిషి మా మధ్య తిరిగాడు, తిన్నాడు, పిల్లను ఎత్తుకొని ఆడించాడు. ఒక్క ముక్క చెప్పలేదు.

నా కొడుకు లేచాడు. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతోంది. వాడు ఏడుస్తున్నాడు.

"గీ మాట మునుపే చెప్తే ఏమైతుండె? నేనేమన్న పరాయోన్నా? దొంగ సాలె! నాతోని చెప్పకపోతివి!"

మళ్లీ చెయ్యెత్తాడు. నా చేతిలో అల్లుడి కోసం తెచ్చిన స్టీలు టిఫిను డబ్బా ఉంది, గొలుసుతో సహా. దాన్ని తిప్పి నా కొడుకు మోచేతి మీద కొట్టాను. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు, గల్లీ నడుమ "అవ్వా!" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. డబ్బా మూత ఊడి అన్నమంతా బురద పాలైంది.

"సాలు. ఇంకో దెబ్బ వడ్డదంటే నీ బొక్క ఇరగ్గొడ్త," అన్నాను.

నీలం బట్టల మనిషి గేటులో నిలబడే ఉన్నాడు. చేతిలో కవరు విప్పని కొత్త పుల్ల.

"ఏమయ్యా, వస్తవా, రావా? నన్ను పనిచేస్కోనియ్యున్రి."

ముక్కు ఆగి ఉంది. వ్యాను ఇంకా రాలేదు. ఇక నెత్తురు మీదికి నెట్టడానికి లేదు. మేమంతా అతని నోటి వైపే చూశాం. అతను పోవాలనే నేను కోరుకున్నాను. అది దాచను. మా బీడీలతో ఆ ఇల్లు నడవదని నాకు తెలుసు.

అల్లుడు గోడ పట్టుకొని లేచాడు. పెళ్లాం ముఖంలోకి చూశాడు.

"పోను," అన్నాడు.

నా బిడ్డ సంచి కింద పెట్టింది.

నీలం బట్టల మనిషి కొత్త పుల్లను జేబులో పెట్టుకొని ముసలాయన్ను లోపలికి పిలిచాడు. ఆయన బురద చొక్కా దులుపుకుంటూ పోయాడు. పదింటికి వ్యాను వచ్చింది. వరసలో వాళ్ల పుల్లల గొట్టాలన్నీ తెల్ల పెట్టెలో పెట్టి ఎక్కించారు. వ్యాను గల్లీ మలుపు తిరిగేదాకా నా కొడుకు చూసి, తన ఆటోను తానే తన్నాడు. ముందు దీపం పగిలింది. మమ్మల్ని అక్కడే వదిలేసి ఒక్కడే తోలుకొని పోయాడు. మేం నలుగురం బస్సులో బోధన్ వచ్చాం. కండక్టరు మా బట్టలు చూసి టికెట్టు కూడా దూరం నుంచే ఇచ్చాడు.

వీసా పోయింది. ఇప్పుడు అల్లుడు మోస్రా దిక్కు రైస్‌మిల్లులో బస్తాలు మోస్తాడు. సెంట్రింగ్ చేసిన చేతులు, బస్తా ఎత్తితే నడుము పట్టేస్తుంది. ముందు పన్ను లేదు. నా బిడ్డ వెయ్యి బీడీలు చేసే దగ్గర పదిహేను వందలు చేస్తోంది. నా కొడుకు నుదుటి మీద మచ్చ అట్లాగే ఉంది. ఆ ఏడు దసరాకు అల్లుడు జమ్మి ఆకు పట్టుకొని వాడి ఇంటికి పోయాడు. వాడు ఆకు తీసుకున్నాడు, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ మాత్రం ఇవ్వలేదు. మరుసటి ఏడూ అంతే. మొన్నటి దసరాకు ఆకు తీసుకొని, నోరు తెరువు బావా అని, ఊడిన పన్ను సందు చూసి, లోపలికి పిలిచి కల్లు పోశాడు.

వియ్యపురాలు జల్లెడ పట్టేటప్పుడు ఇప్పుడు కొడుకును గదిలోకి రానివ్వదు. నాకు అల్లుడి మీద కోపం పూర్తిగా పోలేదు. పని దొరకని నెలలో తిడతాను కూడా. అతను వింటాడు. ఎప్పుడన్నా నిద్రలో చెయ్యి పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంటాడని నా బిడ్డ చెప్పింది.

ఆ బుధవారం ఆ గల్లీలో ఉన్నవాళ్లం మేం: చెప్పు తీసిన నా వియ్యపురాలు, నుదురు పగిలిన నా కొడుకు, సంచి పట్టుకున్న నా బిడ్డ, కొత్త పుల్ల పట్టుకొని నిలబడ్డ నీలం బట్టల మనిషి, మాస్కులు పెట్టుకొని కొట్టుకోమన్న కాపలా మనిషి, చొక్కా పాడు చేసుకున్న మస్కట్ ముసలాయన, గోడకు అతుక్కున్న బాల్కొండ, ధర్పల్లి వాళ్లు, టిఫిను డబ్బాతో నేను, పోనన్న మా అల్లుడు.